జారే చక్రం

దేవదానం మేస్త్రిని ఎవరు ఏది అడిగినా నోటితో జవాబు చెప్పడు. "జాకీ తే" అంటాడు. బండి కింద దూరి చూశాక చెబుతాడేమో అనుకుంటాం గానీ అప్పుడూ చెప్పడు, అడిగినవాణ్ణే కింద దూరమంటాడు. విజయవాడ ఆటోనగర్‌లో వెనక ఇరుసు పనంటే నలభై ఏళ్ళుగా ఆయన పేరే చెప్పుకుంటారు. లారీ వెనకభాగం కూతపెడుతుంటే, ఆ కూత విని లోపల ఏ గేరు పన్ను అరిగిందో చెప్పగల మనిషి. అంత తెలిసినవాడు అడిగినదానికి ఒక్క ముక్క సూటిగా చెబితే ఏం పోయిందని నాకు చాలాసార్లు ఒళ్ళు మండేది. నా పేరు సీతారత్నం. ఆ వీధిలోనే నాది బేరింగుల కొట్టు. ఆయన దగ్గర పని నేర్చుకుందామని వచ్చి, నెల తిరక్కుండానే జాకీ అక్కడ పడేసి పారిపోయినవాళ్ళని కౌంటరు దగ్గర కూర్చుని ఎంతమందిని చూశానో.

పారిపోనివాడు ఒకడున్నాడు, ఉమామహేశ్వరం. ఎనిమిదేళ్ళు ఆయన దగ్గరే ఉండి, పని బాగా ఒంటబట్టాక నా కొట్టు పక్క షెడ్డు తీసుకుని సొంతంగా పెట్టుకున్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. చెయ్యి చాలా మంచిది. నోటితోనే వచ్చింది చిక్కు. చెడ్డ మాట వస్తుందని కాదు, "కాదు" అనే మాట రాదు. ఎవరేమన్నా "అలాగేనండి" అంటాడు. ఇద్దరొచ్చి ఒకే రోజుకి బండి కావాలంటే ఇద్దరికీ అలాగేనండి. రేపు సాయంత్రానికి అయ్యే పని ఇవాళ మధ్యాహ్నానికి కావాలన్నా అలాగేనండి. వీధిలో ఉమామహేశ్వరం ఎవరంటే తెల్లమొహం వేస్తారు గానీ, 'అలాగే ఉమా' అంటే చిన్న పిల్లాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు. ఆ పేరు పెట్టింది నేనే. దానికి నేనేమీ సిగ్గుపడలేదు అప్పట్లో.

ఒక శుక్రవారం పొద్దున్న, రాత్రంతా వాన కురిసి వీధి బురద బురదగా ఉన్నప్పుడు, ఉమా వెళ్ళి దేవదానం మేస్త్రిని తన షెడ్డుకి పిలుచుకొచ్చాడు. షెడ్డులో రంగనాయకులుగారి కారు ఉంది. ఆయనకి గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజి ఉంది, మా వరసలో నాలుగు షెడ్లూ ఆయనవే. నా కొట్టూ అందులోదే. ఆ కారంటే ఆయనకి ప్రాణం. ఎప్పటిదో పాత విదేశీ కారు, వెనక చక్రాలతో నడిచే రకం, దానికి నాలుగు వందల గుర్రాల బలమున్న కొత్త ఇంజను పెట్టించాడు. అలాగని పందేలకి తీసుకెళ్ళేది కాదు, ఊళ్ళో తిరిగే కారే. వెనక సీట్లో ఆయన మనవరాలి చిన్న కుర్చీ ఎప్పుడూ బెల్టుతో కట్టి ఉంటుంది.

"గురువుగారూ, ఈ కారుకి వెనక ఏ డిఫరెన్షియల్ వెయ్యమంటారు?" అని అడిగాడు ఉమా.

ఈ పని తెలియనివాళ్ళకి ఇక్కడ కాస్త చెప్పాలి. కారు మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలివైపుది తక్కువ. రెంటి మధ్యా ఇరుసులో కూర్చుని, దేని నడక దాన్ని నడవనిచ్చే గుండే డిఫరెన్షియల్. మామూలుగా వచ్చేదానికి ఒక రోగం ఉంది. ఒక చక్రం బురదలో పడి జారిందంటే ఆ జారేది ఊరికే గిరగిరా తిరుగుతుంది, గట్టి నేల మీదున్న రెండోది ఉలకదు పలకదు. ఇంజను ఎంత పెద్దదైతే ఈ రోగం అంత ముదురుతుంది. దీనికి మొరటు మందు ఒకటుంది. లోపలి పళ్ళన్నీ కలిపి వెల్డింగ్ కొట్టేస్తే రెండు చక్రాలూ ఒకటే అయిపోయి తిరుగుతాయి. తిన్నటి రోడ్డు మీద బాగానే ఉంటుంది. మలుపులో మాత్రం ఒక చక్రం నేలని గీరుకుంటూ పోవాల్సిందే, తడి రోడ్డైతే బండి తోక విసురుతుంది, పట్టుకోవడం చాలామంది వల్ల కాదు. ఇంకో మందు, మెలి తిరిగిన పళ్ళతో చేసిన గుండు. అది మలుపులో చక్రాలని వేరువేరుగా నడవనిస్తుంది, జారేటప్పుడు మాత్రం రెండోదానికి బలం తోస్తుంది.

రంగనాయకులుగారు ఫోనులో ఏవేవో చూశాడు. కారు ఒక్క ఉదుటున ముందుకి దూకితే రోడ్డు మీద టైర్ల నల్ల గీతలు రెండు పడాలట. ఆయన కారుకి ఒకటే పడుతోంది. గుంటూరులో తోటి వ్యాపారి కారుకి రెండు పడుతున్నాయి. ఆ ఒక్క గీత ఆయనకి నిద్రపట్టనివ్వలేదు. వచ్చి, "వెల్డింగ్ కొట్టెయ్, శనివారానికి కావాలి" అన్నాడు. మనవాడు ఏమంటాడు, అలాగేనండి అన్నాడు. అన్నాడే గానీ చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలుసు. రెండేళ్ళ కిందట ఇంకొకాయన ఇలాగే అడిగితే కొట్టిచ్చాడు. మొదటి వానకే గన్నవరం వైపు వంపులో ఆ కారు డివైడర్ ఎక్కింది. ఆయన ఇవాళ్టికీ కర్రపట్టుకుని నడుస్తున్నాడు. అప్పుడు ఉమా, "ఆయనే కదక్కా అడిగింది, నేనేం చెయ్యను" అని నా దగ్గర కూర్చుని అరగంట అదే మాట చెప్పాడు. అందుకని ఈసారి వెల్డింగ్ కొట్టకుండా, కోయంబత్తూరు నుంచి ఆ మెలి పళ్ళ గుండు తెప్పించి బిగించాడు. ఆ సంగతి రంగనాయకులుగారికి చెప్పలేదు. చెప్పాలంటే ముందు కాదనాలి గదా.

"వెల్డింగ్ మంచిదంటారా, ఇదే ఉంచమంటారా?" అన్నాడు మళ్ళీ. "వెల్డింగ్ కొట్టకపోతే షెడ్డు ఖాళీ చెయ్యమంటాడు గురువుగారూ. మాటవరసకి అనడంలేదు, నిజంగానే చేయిస్తాడు." మేస్త్రి చేత వెల్డింగ్ ఫర్వాలేదు అనిపించుకుంటే, ఆ పాపం సగం ఆయన మీద పడుతుందని వాడి ఆశ. నాకు నా కొట్టులోంచే తెలుస్తోంది, ఆయనకి తెలియదా.

"జాకీ తే," అన్నాడు దేవదానం మేస్త్రి.

కారు వెనక భాగం లేపి స్టాండ్ల మీద నిలబెట్టారో లేదో, రంగనాయకులుగారు ఎవరిదో మోటారుసైకిల్ వెనక కూర్చుని వచ్చి దిగాడు. ఆయన వచ్చింది పని ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి. మా ఆటోనగర్‌లో ఒక పరీక్ష ఉంది, పాన్ షాపువాడికి కూడా తెలుసు. వెనక చక్రాలు రెండూ గాల్లోకి లేపి, ఎడమదాన్ని చేత్తో ముందుకి తిప్పాలి. కుడిదీ ముందుకే తిరిగితే రెండూ కట్టుబడి ఉన్నట్టు, వెనక్కి తిరిగితే పాత రోగం అలాగే ఉన్నట్టు. ఆయన వంగి ఎడమ చక్రాన్ని తిప్పాడు. కుడిది వెనక్కి తిరిగింది.

"అంటే ఇందులో నువ్వు ఏ పనీ చెయ్యలేదన్నమాట," అన్నాడు. గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు, అదే భయం. "వారం నుంచి నా కారు ఇక్కడ పెట్టుకుని పాతదే నాకు అంటగడదామనుకున్నావు."

ఉమా నోరు తెరిచాడు. నేను చేతిలో బేరింగ్ డబ్బా పట్టుకుని అలాగే ఉండిపోయాను, ఇప్పుడైనా చెబుతాడు, పాతది కాదండీ ఇది వేరే రకమండీ అని చెబుతాడు అని. చెప్పడానికి వాడికి అన్నీ తెలుసు. ఆ గుండు గురించి వాడు నాకు మూడు రోజులు పాఠం చెప్పాడు.

"రేపు మధ్యాహ్నానికి వెల్డింగ్ అయ్యుండాలి. లేకపోతే షెడ్డు తాళంచెవులు ఇచ్చేసి వెళ్ళిపో," అన్నాడు రంగనాయకులుగారు.

"అలాగేనండి," అన్నాడు ఉమా.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. డబ్బా బల్ల మీద పడేశాను, ఆ చప్పుడు వాళ్ళందరికీ వినపడింది. దొంగ అని మొహం మీద అంటుంటే దానికి కూడా అలాగేనండి అంటాడా మనిషన్నవాడు. దేవదానం మేస్త్రికి మాత్రం కోపమేమీ వచ్చినట్టు లేదు. గుడ్డతో చేతులు తుడుచుకుని, "కారు కిందికి దించరా ఉమా. బయట ఆ గుంటలో కుడి చక్రం పడేట్టు పెట్టు," అన్నాడు. షెడ్డు ముందు ఒక గుంట ఉంది, వాన నీళ్ళూ లారీలు కార్చిన ఆయిలూ కలిసి నల్లగా జిగురుగా ఉంటుంది. అందులో కాలు పెట్టినవాళ్ళెవరూ చెప్పుతో బయటికి రాలేదు. దాని పక్కనే ఎడమవైపు గట్టి కంకర నేల. ఎవరూ ఎందుకని అడగలేదు. ఆయన్ని అడిగి లాభం లేదని అందరికీ తెలుసు.

కారు పెట్టాక మేస్త్రి రంగనాయకులుగారి వైపు తిరిగి, "మీ కారు, మీరే తొక్కండయ్యా," అన్నాడు. ఆయన కూర్చుని ఎక్సిలేటర్ తొక్కాడు. కుడి చక్రం గుంటలో గిరగిరా తిరిగి నల్ల బురదంతా ఆయన తెల్ల కారు మీదికీ నా షట్టరు మీదికీ కొట్టింది. ఎడమ చక్రం అంగుళం కదల్లేదు. ఇంకా గట్టిగా తొక్కాడు. ఇంజను అరుపుకి పక్క వీధివాళ్ళు కూడా వచ్చి చూశారు. కారు ఉన్నచోటే ఉంది.

"చూశావుగా దేవదానం, నీ శిష్యుడి నిర్వాకం," అన్నాడు కిటికీలోంచి.

"చూస్తున్నానండి," అన్నాడు మేస్త్రి. "ఉమా, నువ్వెళ్ళి ఆయన పక్కన కూర్చో. ఆయన తొక్కుతుంటే నువ్వు హ్యాండ్‌బ్రేకు నాలుగు పళ్ళు లాగి పట్టుకో."

ఆ కారుకి హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది. ఉమా వెళ్ళి కూర్చున్నాడు, లాగాడు. ఆ నాలుగు టిక్కులూ నాకు వినపడ్డాయి. రంగనాయకులుగారు వాడి వైపు వింతగా చూశాడు. "నేను ముందుకి పోవాలని తొక్కుతుంటే నువ్వు బ్రేకు లాగుతావేంటి? వదులు." వదిలేశాడు. చక్రం మళ్ళీ గిర్రున తిరిగింది. "మళ్ళీ లాగు," అన్నాడు మేస్త్రి బయటినుంచి. లాగాడు. "వదలమన్నానా లేదా?" అన్నాడాయన. మళ్ళీ వదిలేశాడు. చూసేవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. అంతకుముందు వాణ్ణి చూసి నవ్వినన్నిసార్లు ఎవరూ నవ్వి ఉండరు, ఆ రోజు ఎందుకో నవ్వు రాలేదు. మేస్త్రి ఈసారి "మళ్ళీ" అని కూడా అనలేదు. చేతులు కట్టుకుని ఎడమ చక్రం పక్కన నిలబడ్డాడు, అంతే.

కాసేపు ఇంజను ఊరికే గుర్రుమంటూ ఉంది. అప్పుడు ఉమా తనంతట తానే మూడోసారి లాగాడు.

"వదులు," అన్నాడు రంగనాయకులుగారు.

వదల్లేదు. కిటికీలోంచి వాడి మెడ నరాలు కనపడుతున్నాయి. చెయ్యి బ్రేకు మీదే ఉంది. "వదలనండి. మీరు తొక్కండి," అన్నాడు. ఆ నోట అలాంటి మాట నేను వినడం అదే మొదలు. రంగనాయకులుగారికి కూడా కొత్తే అయ్యుంటుంది, ఒక్క క్షణం ఏం చెయ్యాలో తోచక చెప్పినట్టే తొక్కాడు. గుంటలో కుడి చక్రం బరువుగా, నిదానంగా తిరగడం మొదలుపెట్టింది. అది అలా బిగబట్టిందో లేదో, ఇటుపక్క పొద్దుట్నుంచీ రాయిలా ఉన్న ఎడమ చక్రం కంకరని పట్టుకుంది. కారు మెల్లగా, ఏ హడావిడీ లేకుండా గుంటలోంచి పైకొచ్చి గట్టి నేల మీద నిలబడింది.

రంగనాయకులుగారు దిగి రెండు చక్రాల చుట్టూ తిరిగి చూశాడు. "ఇందాక చేత్తో తిప్పితే వెనక్కి తిరిగిందే."

"గాల్లో లేపి తిప్పితే దానికి ఎదురేముందయ్యా," అన్నాడు దేవదానం మేస్త్రి. "ఈ రకం గుండు, ఎదురు లేనిచోట పని చెయ్యదు."

"అయితే నేను ప్రతిసారీ బ్రేకు లాక్కుంటూ తిరగాలా?" ఆయన అడిగింది మేస్త్రిని, గానీ జవాబు చెప్పింది ఉమా. "అక్కర్లేదండి. రోడ్డుకి ఆ మాత్రం పట్టు ఉంటుంది. ఇలాంటి బురదలోనే కావాలి. మీ రెండు గీతలూ పడతాయి, పొడి రోడ్డు మీద తిన్నగా పోయినప్పుడు. వంపులో మాత్రం వెల్డింగులాగా ఈడ్చదు." ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. ఆ మాటలు వారం నుంచి వాడి లోపలే ఉన్నాయి.

మంచిగా చెప్పినదానికి మంచిగా ఊరుకుంటే ఆయన రంగనాయకులుగారు ఎందుకవుతాడు. నలుగురిలో తన కారులో తన మాట కాదనిపించుకున్నాడు. అది ఎలా మింగుడుపడుతుంది. "ఇదంతా నాకు అనవసరం. నేను వెల్డింగ్ కొట్టమన్నాను. కొడతావా, కొట్టవా?"

"కొట్టనండి," అన్నాడు ఉమా. మాట తడబడలేదు. "వెనక పాప కుర్చీ ఉంది. గన్నవరం వంపులో ఒకాయన నా వెల్డింగుకి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయన అడిగాడు, నేను సరే అన్నాను. ఆయన అడిగాడు కాబట్టి నా తప్పు లేదని రెండేళ్ళు చెప్పుకు తిరిగాను. తప్పు నాదే. ఊళ్ళో తిరిగే బండికి ఇక ఎవరడిగినా కొట్టను, మీరడిగినా కొట్టను."

"ఆదివారానికి షెడ్డు ఖాళీ చెయ్."

"చేస్తానండి."

ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు. చెప్పుకోవడానికి నాకు సంతోషంగా ఏమీ లేదు. నా కొట్టు ముందు సిమెంటు చప్టా ఒకటుంది, లారీ డ్రైవర్లు నిలబడి బేరింగులు చూసుకునే జాగా. ఏడాది కిందట రంగనాయకులుగారు వచ్చి, గుంటూరు నుంచి వచ్చినప్పుడు నా కారు ఇక్కడ నీడపట్టున ఉంటుంది అన్నాడు. సరేనండి అన్నాను. అప్పట్నుంచీ వారానికి మూడు రోజులు ఆ కారు నా గుమ్మానికి అడ్డంగా ఉండేది, వచ్చినవాళ్ళు పక్కకి తిరిగి ఒదిగి లోపలికి రావాల్సొచ్చేది. చాలామంది రావడం మానేశారు. ఒక్కసారి కూడా ఆయన్ని తియ్యమనలేదు. ఉమాకి పేరు పెట్టి వీధంతా నవ్వించాను గానీ, నా నోట్లో ఆ 'సరేనండి' ఎన్నిసార్లు నానిందో నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఉమా "చేస్తానండి" అనడం విని నేను కౌంటరు దిగి వీధిలోకి వచ్చాను. ఎందుకొచ్చానో వచ్చేదాకా నాకే తెలియదు. "రంగనాయకులుగారూ," అన్నాను, "రేపట్నుంచి కారు నా చప్టా మీద పెట్టొద్దండి. అక్కడ ఉమా పని చేసుకుంటాడు."

ఆయన నావైపు చూసిన చూపు మీరు చూడాలి. "ఆ కొట్టు కూడా నాదేనమ్మా. మరిచిపోయావా?"

"ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నదాన్ని, ఎందుకు మరిచిపోతానండీ. కొట్టు అద్దెకిచ్చినప్పుడు చప్టాతో కలిపే ఇచ్చారు. నన్ను కూడా పొమ్మంటే కాగితం పంపండి, చదువుకుంటాను. అప్పటిదాకా చప్టా నాది." నా గొంతు నాకే కొత్తగా వినపడింది. అయినా ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

ఆయన నన్నూ ఉమానీ మార్చి మార్చి చూశాడు. చుట్టూ ఉన్న జనాన్ని కూడా చూశాడు, అందులో ఆయన షెడ్లలో ఉండే మిగతావాళ్ళూ ఉన్నారు. వాళ్ళెవరూ తల దించలేదు. "చూస్తాను," అని కారెక్కాడు. ఆ మెలి పళ్ళ గుండుతోనే, బురద కొట్టుకున్న కారుతోనే వెళ్ళాడు. మలుపు దగ్గర కారు ఎంత హాయిగా తిరిగిందో అందరం చూశాం. ఆయనకీ తెలిసే ఉంటుంది, ఒప్పుకోడు. ఆ తర్వాత షెడ్డు ఏమైంది, నా కొట్టు ఏమైంది అంటే అది ఏడాది నడిచిన రభస, ఆ ఊసు ఇప్పుడెందుకు.

జనం వెళ్ళిపోయాక ఉమా చప్టా మీద కూలబడి కిరోసిన్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. మేస్త్రి పక్కనే బీడీ వెలిగించుకుంటున్నాడు. నేను లోపల ఉన్నాననీ వినపడదనీ అనుకుని వాడు గొంతు తగ్గించి అడిగాడు. "నా సంగతి వేరు గురువుగారూ, ఇక దారి లేక ఎదురు చెప్పాను. అక్క ఇన్నేళ్ళలో ఆయనకి ఒక్కసారీ కాదని చెప్పి ఎరగదు. ఈవిడకి ఉన్నట్టుండి ఇంత బలం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

దేవదానం మేస్త్రి బీడీ ఒకసారి లాగాడు. ఈసారి జాకీ తెమ్మనలేదు.

"ఎడమ చక్రానికి పట్టు పొద్దుట్నుంచీ ఉందిరా," అన్నాడు. "పక్కది ఊరికే జారుతున్నంతసేపూ దానికి కదిలే వీలే లేకపోయింది."